ఇద్దరు పిల్లలకూ ఒకే సికిల్. బాబు ఆడుకుంటున్నాడు, పాప ఆస్పత్రుల చుట్టూ తిరుగుతోంది. ఎందుకిలా?

సిరొంచ అమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది సిరొంచ, గడ్చిరోలి జిల్లా. ఇంట్లో తెలుగు, బయట సగం మరాఠీ. నేను కామర్స్ చదివాను, సైన్స్ పదో తరగతితోనే ఆగింది. అందుకే అర్థమయ్యేలా చెప్పేవాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

నాకు ఇద్దరు పిల్లలు. బాబుకు 14, పాపకు 9. ఇద్దరికీ సికిల్ సెల్ ఉంది, ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే రక్తజబ్బు. క్యారియర్లు కాదు, ఇద్దరూ ఎస్‌ఎస్. నేను, మా ఆయన ఇద్దరం ఏఎస్, అంటే క్యారియర్లం. మా ఆయన నా మేనత్త కొడుకే. పెళ్లప్పుడు ఈ పరీక్ష సంగతి మాకెవరికీ తెలియదు. పాప పుట్టాక, ఎనిమిదో నెలలో దాని చేతుల వేళ్లు, పాదాలు బూరెల్లా ఉబ్బాయి. రాత్రంతా ఒకటే ఏడుపు. అప్పుడు పరీక్ష చేయిస్తే బయటపడింది. ఆశా తాయి చెప్తే బాబుకూ చేయించాం. వాడికీ అదే. అప్పటికి వాడు ఐదేళ్లవాడు, ఒక్కరోజు కూడా ఆస్పత్రిలో పడుకోలేదు.

ఇప్పటికీ అంతే. బాబు బడికి సైకిల్ మీద పోతాడు, కబడ్డీ ఆడతాడు. ఏడాదికి ఒకసారి నొప్పి అంటే ఎక్కువ. ఈమధ్య ఆడి వచ్చాక కుడి తొడ మొదట్లో, గజ్జల దగ్గర నొప్పి అంటున్నాడు. అది ఆటలో బెణికి ఉంటుంది. పాప సంగతి అట్లా కాదు. పోయిన ఏడాది ఐదుసార్లు అడ్మిట్ చేశాం. రెండుసార్లు రక్తం ఎక్కించారు. చలికాలం వస్తుందంటేనే నాకు టెన్షన్. నొప్పులు లేచినప్పుడు అది మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, దుప్పటి అంచు పళ్ల మధ్య పెట్టుకుని పడుకుంటుంది. గట్టిగా ఏడిస్తే అన్న నిద్ర లేస్తాడని.

నాకు నిద్ర పట్టనివ్వని మాట ఒకటుంది. మా ఆడబిడ్డ నలుగురిలో అన్నది: "కొడుకును కళ్లలో పెట్టుకుని చూసుకున్నావు, బిడ్డను పట్టించుకోలేదు. ఒకే కడుపున పుట్టి, ఒకే రోగం ఉంటే ఒకడు బాగుండి ఒకతి ఇట్లెందుకుంటది?" మా అత్తమ్మ నోరు విప్పలేదు. నేనూ మాట్లాడలేకపోయాను. ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబు నాకూ తెలియదు.

ఇద్దరిదీ ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే జీను, ఒకే రిపోర్టు. తినేది ఒకే కుండలోది. మరి తేడా ఎక్కడిది? నేను నిజంగా ఏమన్నా తప్పు చేశానా? పాపకు హైడ్రాక్సీయూరియా మొదలుపెడదామని డాక్టరుగారు అన్నారు. అది క్యాన్సర్ మందని మా ఇంట్లో వద్దంటున్నారు. దాని గురించి తెలిసినవాళ్లు కూడా చెప్పండి.

మంచిర్యాల వదిన

మీరేం తప్పు చేయలేదు చెల్లీ, ముందు ఆ మాట మనసులోంచి తీసేయండి. మా అమ్మమ్మ అనేది, మగపిల్లలకు తండ్రి రక్తం, ఆడపిల్లలకు తల్లి రక్తం వస్తుందని. మీ ఇంట్లోనూ అట్లాగే అయి ఉంటుంది. పాపకు దానిమ్మ, బీట్‌రూట్, ఖర్జూరం పెట్టండి. రక్తం పట్టడానికి ఐరన్ టానిక్ కూడా మంచిది. మా పిల్లకు దాంతోనే హిమోగ్లోబిన్ 8 నుంచి 11కు పెరిగింది.

బల్లార్షా మాస్టారు

అమ్మా, నేను డాక్టరును కాను. బల్లార్షాలో పదకొండు, పన్నెండు తరగతులకు ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా తమ్ముడికి ఎస్‌ఎస్. నాకు ఏఎస్. అందుకని ఈ ఒక్క విషయం పాఠం కోసం కాకుండా నా కోసం చదువుకున్నాను. కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపికగా చదవండి.

ముందు మంచిర్యాల అమ్మగారికి ఒక మాట. పండ్లు, కూరలు పెట్టడం మంచిదే. ఐరన్ టానిక్ మాత్రం పరీక్ష చేయించకుండా పోయొద్దు. సికిల్‌లో రక్తం తగ్గేది ఐరన్ లేక కాదు, ఎర్రకణాలు తొందరగా పగిలిపోయి. వాటిలోని ఐరన్ ఒంట్లోనే ఉంటుంది. రక్తం ఎక్కించిన పిల్లల్లో ఇంకా పేరుకుంటుంది. ఇక తండ్రి రక్తం, తల్లి రక్తం అనే మాట. ఎస్‌ఎస్ అంటేనే తల్లి నుంచి ఒక ఎస్, తండ్రి నుంచి ఒక ఎస్ వచ్చినట్టు. ఇద్దరు పిల్లలకూ ఇద్దరి నుంచీ వచ్చింది.

ఇప్పుడు మీ ప్రశ్న. "ఒకే జీను, ఒకే రిపోర్టు" అన్నారు. ఒకే జీను నిజమే. ఒకే రిపోర్టు మాత్రం అయి ఉండదు. ఇద్దరి హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే పరీక్ష) కాగితాలూ పెట్టెలోంచి తీయండి. కింద "ఎస్‌ఎస్ ప్యాటర్న్" అని రాసి ఉంటుంది, అందరూ అది చూసి మడిచి పెడతారు. దాని పైన పట్టికలో హెచ్‌బీ ఎఫ్ అని ఒక వరుస ఉంటుంది. ఇద్దరికీ అక్కడ ఎంత శాతం ఉందో చూడండి. దాని గురించే చెప్పబోతున్నాను.

మన ఎర్రరక్తకణం నిండా హిమోగ్లోబిన్. దాంట్లో బీటా అనే గొలుసును తయారుచేసే జన్యువు 11వ క్రోమోజోము మీద ఉంది. ఆ గొలుసులో ఆరో స్థానంలో గ్లూటమిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వేలిన్ వచ్చింది. సికిల్ అంటే మొత్తం ఇంతే, ఒక్క అక్షరం తప్పు. ఆ తప్పున్న హిమోగ్లోబిన్ ఆక్సిజన్ వదిలేయగానే ఒకదానికొకటి అతుక్కుని పుల్లల్లా బారులు తీరుతుంది. లోపల పుల్లలు పెరిగితే కణం కొడవలిలా వంగుతుంది. వంగిన కణాలు సన్నని రక్తనాళంలో ఇరుక్కుంటాయి. పాపకు నొప్పి లేచేది అప్పుడే.

బిడ్డ కడుపులో ఉన్నప్పుడు ఈ బీటా గొలుసుతో పెద్దగా పనిలేదు. అప్పుడుండేది వేరే హిమోగ్లోబిన్, దాని పేరే హెచ్‌బీ ఎఫ్. పుట్టిన తర్వాత కొన్ని నెలల్లో అది తగ్గిపోయి, పెద్దవాళ్ల హిమోగ్లోబిన్ దాని చోటులోకి వస్తుంది. ఎస్‌ఎస్ పిల్లలు మొదటి ఐదారు నెలలు మామూలుగా కనిపించేది ఈ ఎఫ్ దయ వల్లే. మీ పాపకు ఎనిమిదో నెలలో చేతులు, కాళ్లు ఉబ్బాయంటే, ఎఫ్ తగ్గి ఎస్ పైకొచ్చిన రోజులవి. మీరు ఆ నెలలో ఏం పెట్టారు, ఏం పెట్టలేదు అన్నదానికీ దానికీ సంబంధం లేదు.

ఈ ఎఫ్ ఆ పుల్లల బారులో కలవదు. ఎస్ అణువులు ఒకదాని వెనక ఒకటి నిలబడుతుంటే మధ్యలో దూరి వరుస తెంపేస్తుంది. కణంలో ఎఫ్ ఎంత ఎక్కువుంటే కొడవలి కావడం అంత ఆలస్యం. కాబట్టి జబ్బును పుట్టించేది ఒక జన్యువే అయినా, అది ఎంత గట్టిగా కొడుతుందన్నది ఎఫ్‌ను నడిపించే వేరే జన్యువుల మీద ఆధారపడి ఉంది.

ఇక్కడ మీ ఇంటి లెక్క ఒకటి చెప్తాను. ఇది నాకు చాలా ఇష్టమైన లెక్క. మన దేశంలో, ముఖ్యంగా ఒడిశా, విదర్భ వైపు కనిపించే సికిల్ జన్యువు చుట్టుపక్కల డీఎన్‌ఏకు ఒక ప్రత్యేకమైన అమరిక ఉంది. అరబ్-ఇండియన్ హాప్లోటైప్ అంటారు. ఎస్ జన్యువుకు దగ్గర్లోనే, అదే క్రోమోజోము మీద, ఎఫ్‌ను కాస్త ఎక్కువగా ఉంచే మార్పు ఒకటి దాంతోపాటు నడుస్తుంది. 1986లో ఒడిశాలోని బుర్లా డాక్టర్లు, జమైకాలో పనిచేసే గ్రాహం సెర్జెంట్ కలిసి ఒడిశా రోగులను జమైకా రోగులతో పోల్చి చూశారు. ఒడిశా వాళ్లలో ఎఫ్ ఎక్కువ, ఆల్ఫా థలసీమియా (అదేమిటో కింద చెప్తాను) ఎక్కువ అని తేలింది.

మీ ఇద్దరు పిల్లలూ ఎస్‌ఎస్. అంటే మీలో ఎస్ ఉన్న క్రోమోజోమే ఇద్దరికీ వచ్చింది, మీ ఆయనలో ఎస్ ఉన్న క్రోమోజోమే ఇద్దరికీ వచ్చింది. మరి దాని పక్కనే అంటిపెట్టుకుని ఉన్న ఆ మార్పు? అది కూడా ఇద్దరికీ ఒకేలా వచ్చి ఉండాలి. కాబట్టి అన్నాచెల్లెళ్ల తేడా అక్కడిది కాదు. వేరే క్రోమోజోముల నుంచి రావాలి. ఒకటి 2వ క్రోమోజోము. దాని మీద బీసీఎల్11ఏ అనే జన్యువుంది. పుట్టిన తర్వాత ఎఫ్‌ను ఆపేయమని చెప్పేది అదే. కొందరిలో ఆ జన్యువు కొంచెం మెత్తగా పనిచేస్తుంది, ఎఫ్ పూర్తిగా ఆగదు. రెండోది 6వ క్రోమోజోము, అక్కడ మిబ్ అనే జన్యువు దగ్గర ఇలాంటి మార్పులే ఉన్నాయి. మూడోది 16వ క్రోమోజోము, దాని సంగతి కింద చెప్తాను. ఇవన్నీ 11వ దానితో సంబంధం లేకుండా విడివిడిగా పంచబడతాయి. మీ బాబు, పాప 11వ క్రోమోజోము దగ్గర ఒకేలా ఉండి 2, 6, 16 దగ్గర వేరువేరుగా ఉండొచ్చు. మీ ఆడబిడ్డగారు అడిగారు చూడండి, ఒకే కడుపున పుట్టి ఇట్లెందుకని. ఒకే కడుపున పుట్టినా పంపకం ప్రతిసారీ కొత్తగానే జరుగుతుందని చెప్పండి.

బీసీఎల్11ఏ ఎంత బలమైన జన్యువో ఒక్క ముక్కలో చెప్తాను. ఎఫ్‌ను ఆపేది అదేనని 2008లో అమెరికాలో స్టువర్ట్ ఆర్కిన్, విజయ్ శంకరన్ వాళ్లు చూపించారు. 2023లో బ్రిటన్, అమెరికాల్లో ఒక జన్యు చికిత్సకు అనుమతి వచ్చింది, పేరు క్యాస్‌జెవీ. అందులో సికిల్ జన్యువును ముట్టుకోరు. తప్పున్న అక్షరం తప్పుగానే ఉంటుంది. రోగి మూలకణాలు బయటికి తీసి, రక్తకణాల్లో బీసీఎల్11ఏను నడిపించే చిన్న భాగాన్ని క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో కత్తిరిస్తారు. ఎఫ్ మళ్లీ పెరుగుతుంది, నొప్పులు ఆగుతాయి. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. మనకు ఇప్పట్లో అందేది కాదు, తెలుసు. కానీ ఒక జన్యువు తెచ్చిన జబ్బును మరో జన్యువును కదిలించి ఆపగలిగారంటే, ఇవి రెండూ ఎంతగా ముడిపడి ఉన్నాయో చూడండి.

నేను క్లాసులో దీన్ని కోళ్లతో మొదలుపెట్టేవాణ్ని. మన గడ్చిరోలి వైపు కోంబడా బజార్‌కు, అంటే కోడిపందేల సంతకు, పోయినవాళ్లకు తెలుసు, అసీల్ పుంజుకు నెత్తిమీద జుట్టు చిన్నగా, ముద్దగా ఉంటుంది. దాన్ని పుస్తకంలో బఠాణీ జుట్టు అంటారు. గులాబీ జుట్టు ఉండే జాతులు వేరే. ఈ రెండింటినీ జత కట్టిస్తే పిల్లలకు బఠాణీ రాదు, గులాబీ రాదు, అక్రోటు కాయ లాంటి మూడోరకం జుట్టు వస్తుంది. ఆ పిల్లల్లో వాటినే మళ్లీ జత కడితే నాలుగో రకం, రంపం పళ్ల లాంటి మామూలు జుట్టు కూడా బయటపడుతుంది. ఇంగ్లండులో బేట్సన్, పన్నెట్ 20వ శతాబ్దం మొదట్లో దీన్ని లెక్కగట్టారు. జుట్టు ఒకటే, దాన్ని తేల్చేది రెండు జన్యువులు. క్లాసు పిల్లలు ఆ నాలుగు రకాల లెక్కను 9:3:3:1 అని బట్టీపట్టి మార్కులు తెచ్చుకునేవాళ్లు. నాకు మాత్రం ఆ పాఠం చెప్పిన ప్రతిసారీ మా తమ్ముడే గుర్తొచ్చేవాడు.

వాడి ఎలక్ట్రోఫోరెసిస్ (హిమోగ్లోబిన్ రకాలను గీతలుగా చూపే పరీక్ష) పట్టీ ఇప్పటికీ నా దగ్గరుంది. 1984 నాటిది. వేలెడు వెడల్పు తెల్లని పట్టీ మీద ఎర్రరంగు గీతలు. మామూలు హిమోగ్లోబిన్ 'ఏ' ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఎస్ గీత లావుగా, బొట్టు పెట్టినట్టు ఉంటుంది. దాని పక్కన ఎఫ్ గీత కనిపించాలంటే పట్టీని కిటికీకి ఎదురుగా పట్టుకోవాలి. అంత సన్నగా ఉంది. ఆ రోజుల్లో మాకు ఎస్ గీత గురించి చెప్పారే తప్ప ఎఫ్ గురించి ఎవరూ చెప్పలేదు. 1986లో జబ్బు ఊపిరితిత్తులకు పాకి చనిపోయాడు. పంతొమ్మిదేళ్లు. మా అమ్మను కూడా అడిగారు, చిన్నోణ్ని సరిగ్గా చూసుకోలేదా అని. అందుకే మీ పోస్టు చదివి ఇంత రాశాను.

ఇప్పుడు 16వ క్రోమోజోము. ఆల్ఫా గొలుసు జన్యువులు అక్కడుంటాయి, మొత్తం నాలుగు, తల్లి నుంచి రెండు, తండ్రి నుంచి రెండు. మన అడవి ప్రాంతాల్లో చాలామందికి అందులో ఒకటో రెండో ఉండవు. దాన్ని ఆల్ఫా థలసీమియా అంటారు. మామూలు మనిషికి దాంతో పెద్ద ఇబ్బంది లేదు. ఎస్‌ఎస్ ఉన్నవాళ్లకు మాత్రం అది తేడా చేస్తుంది. కణంలో ఎస్ గాఢత తగ్గుతుంది, కణాలు తొందరగా పగలవు, హిమోగ్లోబిన్ కాస్త పైన నిలుస్తుంది. మంచిదే అనిపిస్తుంది. కానీ కణాల సంఖ్య పెరిగి రక్తం చిక్కబడుతుంది. దాంతో తుంటి దగ్గర తొడ ఎముక తలకు రక్తం అందక అది దెబ్బతినే ప్రమాదం ఎక్కువవుతుంది.

అందుకే అమ్మా, మీ పోస్టులో నన్ను ఆపేసిన మాట పాప గురించి కాదు, బాబు గురించి. కుడి తొడ మొదట్లో, గజ్జల దగ్గర నొప్పి అన్నారు. బెణుకే కావచ్చు. కానీ ఎస్‌ఎస్ పిల్లాడికి, అందులోనూ రక్తం బాగుందని అందరూ నిశ్చింతగా ఉన్న పిల్లాడికి, ఆ చోట నొప్పిని బెణుకని వదలకూడదు. ఎముకల డాక్టరుకు చూపించి సికిల్ ఉందని ముందే చెప్పండి. మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, ఎంఆర్ఐలో తెలుస్తుంది.

పాప మందు సంగతి. హైడ్రాక్సీయూరియాను కొన్ని రక్త క్యాన్సర్లలో వాడేమాట నిజం. సికిల్‌లో దాన్ని ఇచ్చేది ఎఫ్ పెంచడానికి. జన్యువుల పంపకంలో పాపకు తక్కువ వచ్చింది ఏదైతే ఉందో, దాన్నే మందు కొంత పూడుస్తుంది. బరువును బట్టి డోసు, మధ్యమధ్య రక్తపరీక్ష తప్పనిసరి. డాక్టరుగారిని వదలకుండా అడిగి మొదలుపెట్టండి.

రిపోర్టులు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. పాపకు రక్తం ఎక్కించిన మూడు నెలల్లోపు తీసిన కాగితమైతే ఎఫ్ అంకెను నమ్మొద్దు. దాంట్లో వేరేవాళ్ల రక్తం కలిసి ఉంటుంది. అంతకుముందుది చూడండి. సీబీసీలో (రక్తకణాల లెక్క తీసే పరీక్షలో) ఎంసీవీ అంకె, అంటే ఎర్రకణం సైజు, కూడా రాయండి.

జైపూర్ తమ్ముడు

నమస్తే అక్కా. మాది కోరాపుట్ జిల్లా జైపూర్. నాకు 31, ఎస్‌ఎస్. మీ పాపలాంటోణ్నే. మా అన్నయ్య మీ బాబులాంటోడు. చిన్నప్పుడు జ్వరం వస్తే అన్నయ్య మజ్జిగన్నం తిని లేచి పోయేవాడు, నన్ను జీపులో ఎక్కించేవారు. మా ఊరు ఎత్తు మీద, డిసెంబరు వచ్చిందంటే చలి ఎముకల్లోకి దిగిపోద్ది. ఆ నెలంతా నేను బడి మొహం చూసేవాణ్ని కాదు.

మందు మొదలెట్టింది 22వ ఏట. అప్పుడు ఎఫ్ 12 ఉండేది. ఏడాదికి 21 అయింది. ఒక్క నెలలో తెలీదు, కనీసం మూణ్నాలుగు నెలలు ఓపిక పట్టాలి. మధ్యలో ఒకసారి తెల్లకణాలు తగ్గాయని రెండు వారాలు ఆపి డోసు తగ్గించారు, అంతే. ఇప్పుడు ఏడాదికి ఒకసారి నొప్పి వస్తే గొప్ప. నీళ్ల సీసా చేతిలో లేకుండా గడప దాటను. మా ఇంట్లోనూ క్యాన్సర్ మందన్నారక్కా. మా నాన్న మూడేళ్లు వద్దన్నాడు. ఆ మూడేళ్లూ నాకు తిరిగిరావు. మీరు ఆలస్యం చేయొద్దు.

మాస్టారూ, నాదొక ప్రశ్న. ఏఎస్ ఉంటే మలేరియా రాదంటారు, ఆల్ఫా థలసీమియా ఉన్నా రాదంటారు. మాదీ మలేరియా జిల్లాయే. మరి రెండూ ఉన్నవాడికి అసలే రాదా?

బల్లార్షా మాస్టారు

తమ్ముడూ, "రాదు" అనకూడదు, ప్రాణాంతకంగా మారడం తగ్గుతుంది అనాలి. రెండూ ఉంటే రెట్టింపు రక్షణ అని ఎవరైనా అనుకుంటారు, నేనూ అనుకున్నాను. కెన్యాలో కిలిఫీ అనే చోట పిల్లలను ఏళ్ల తరబడి గమనించి 2005లో ఫలితం ప్రచురించారు. ఏఎస్ ఒక్కటే ఉన్న పిల్లలకు రక్షణ ఉంది. ఆల్ఫా థలసీమియా ఒక్కటే ఉన్నవాళ్లకూ ఉంది. రెండూ ఉన్న పిల్లలకు ఆ రక్షణ దాదాపు పోయింది, ఏదీ లేనివాళ్ల లాగే జబ్బు పడ్డారు. ఆల్ఫా గొలుసు తగ్గితే కణంలో ఎస్ వాటా కూడా తగ్గుతుంది, కారణం అక్కడుందని అంటారు. ఒక జన్యువు పనిని మరో జన్యువు ఇలా మార్చేయడాన్నే ఎపిస్టాసిస్ అంటారు. రెండు మంచివి కలిస్తే మంచే జరుగుతుందన్న లెక్క జన్యువుల దగ్గర చెల్లదు. దోమతెర మాత్రం కట్టుకోండి.

సిరొంచ అమ్మ

మాస్టారూ, ఆలస్యానికి క్షమించండి. కాగితాలన్నీ వెతికి తీసేసరికి మూడు రోజులైంది. పాపవి రెండు దొరికాయి. మీరు చెప్పినట్టు రక్తం ఎక్కించక ముందుదే చూశాను.

బాబు: హెచ్‌బీ ఎఫ్ 24.3, హిమోగ్లోబిన్ 9.8, ఎంసీవీ 70.
పాప: హెచ్‌బీ ఎఫ్ 9.1, హిమోగ్లోబిన్ 7.2, ఎంసీవీ 84.

తొమ్మిదేళ్లుగా ఈ కాగితాలు నా చేతుల్లోనే ఉన్నాయి. ఎన్నిసార్లు జిరాక్స్ తీయించానో లెక్కలేదు. ఆ వరుస ఎప్పుడూ చూడలేదు. మీరు ఒకే రిపోర్టు అయి ఉండదు అన్నప్పుడు కూడా నమ్మలేదు. రెండూ పక్కపక్కన పెట్టి వేలు పెట్టి చదివాక అక్కడే కూర్చుండిపోయాను.

నిన్న మా ఆడబిడ్డ వస్తే రెండు కాగితాలూ ఆమె ముందు పెట్టాను. 24 ఇక్కడ, 9 ఇక్కడ, పుట్టుకతోనే ఇంత తేడా అన్నాను. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత అడిగింది, "మరి నా బిడ్డకు కూడా పరీక్ష చేయించాలా?" అని. ఆమె కూతురికి ఈ ఏడాది సంబంధాలు చూస్తున్నారు. అబ్బాయి మా పెద్ద బావగారి బామ్మర్ది కొడుకు, అందరం ఒక్క చుట్టంలోనే.

జైపూర్ తమ్ముడూ, మీ మాట మా ఆయనకు చదివి వినిపించాను. ఆ మూడేళ్లూ తిరిగిరావు అన్నది విని లేచి బయటికి పోయాడు. తిరిగొచ్చి, సోమవారం మందు రాయించుకొద్దాం అన్నాడు.

బాబుకు తుంటి చూపించడానికి గురువారం చంద్రపూర్ పోతున్నాం.

బల్లార్షా మాస్టారు

మంచిదమ్మా. అంకెలు మీ కళ్లతో చూశారు కదా. మామూలుగా ఎఫ్ వయసుతో తగ్గుతూ వస్తుంది. చిన్నదానికే ఎక్కువుండాలి. మీ ఇంట్లో తిరగబడిందంటే తేడా చాలా గట్టిదన్నమాట. బాబుకు ఎంసీవీ 70 అంటే కణాలు చిన్నవి, ఆల్ఫా థలసీమియా ఉండే అవకాశం ఉంది. ఐరన్ తక్కువైనా ఎంసీవీ పడిపోతుంది కాబట్టి ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష చేస్తే ఈ రెండిట్లో ఏది కారణమో తేలుతుంది. గురువారమే అడగండి.

మీ ఆడబిడ్డగారి అమ్మాయికి తప్పకుండా చేయించండి, అబ్బాయికి కూడా. ఇద్దరూ ఏఎస్ అయితే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం ఎస్‌ఎస్‌కు. పుట్టే బిడ్డకు ఎఫ్ 24 వస్తుందా 9 వస్తుందా అన్నది ముందే చెప్పే పరీక్ష మన దగ్గర ఏదీ లేదు. ఆ సంగతి ముహూర్తం పెట్టకముందే వాళ్లకు తెలియాలి.

ఎంఆర్ఐ అయ్యేదాకా బాబును కబడ్డీకి పంపొద్దు. సైకిలు కూడా వద్దు, బడికి ఎవరైనా దింపిరండి. పాపకు సోమవారం మందు రాయించేటప్పుడు పాత సీబీసీ కాగితం తీసుకెళ్లడం మర్చిపోకండి, డోసు కట్టేటప్పుడు దాన్ని కూడా చూస్తారు.

సిరొంచ అమ్మ

అట్లాగే మాస్టారూ. కాగితాలు రెండూ ప్లాస్టిక్ కవర్లో పెట్టి సంచిలో వేశాను. ఎఫ్ అంకె చుట్టూ పాప తన పెన్సిల్‌తో సున్నా చుట్టింది, డాక్టరంకుల్‌కు తొందరగా కనబడాలని.